మావాడి మాటలు నా నోట

ఏప్రిల్ 5, శనివారం

మళ్లీ ఆ పెద్ద నోట్లో దూరాల్సి వచ్చింది. పిల్లల మ్యూజియంలో అడుగు పెట్టగానే ఎదురుగా గదంత నోరు తెరుచుకుని ఉంటుంది. పరుపులాంటి నాలుక, దిండ్లంత పళ్లు. పిల్లలు చీపురంత బ్రష్షు పట్టుకుని ఆ పళ్లు తోమాలి. చిన్నోడు మాత్రం తోమడు. నాలుగేళ్లు నిండని నా మనవడికి తోమడం కంటే మింగబడటం ఇష్టం. నాలుక మీద వెల్లకిలా పడుకుని, "తాతా, నన్ను మింగేసింది, లాగు" అంటాడు. నేను మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి లాగాలి. లాగి బయట పెట్టేసరికి మళ్లీ వెళ్లి పడుకుంటాడు.

నేనెరిగిన మ్యూజియంలు వేరు. తుప్పు కత్తులు, పగిలిన కుండలు అద్దాల వెనక ఉండేవి. ముట్టుకోరాదని బోర్డు, బోర్డు పక్కన నిద్రపోతూ ఒక మనిషి. ఇక్కడ అన్నీ ముట్టుకోవాల్సిందే. నీళ్ల తొట్టిలో ఆనకట్ట కట్టాలి. గొట్టంలో రుమాలు పెడితే గాలి దాన్ని జుర్రుకుని హాలు అవతలి మూల నుంచి ఉమ్మేస్తుంది. ఒక గోడ ముందు నిలబడితే మెరుపు మెరిసి మన నీడ గోడకే అంటుకుపోతుంది. మనం పక్కకి వెళ్లిపోయినా అది కాసేపు అక్కడే ఉండి, మెల్లగా మాసిపోతుంది. ఆ గోడ దగ్గర నేను ఎక్కువసేపు ఉండను. మోకాళ్లు.

ఒక మూల నిజం బస్సునే సగానికి కోసి పెట్టారు. స్టీరింగుంది, హారనుంది, అద్దం తుడిచే పుల్లలున్నాయి. కండక్టరుకి చోటు లేదు! జీవితమంతా బస్సులో నిలబడి గడిపినవాణ్ణి, నాకు కోపం రాదూ? డ్రైవరు బండిని నడుపుతాడు, నిజమే. కానీ ఎక్కడ ఆగాలో చెప్పేవాడు లేకపోతే అది పోతూనే ఉంటుంది. ఈ మాటే గవర్నరుతో అన్నాను. మనవరాలికి నేను పెట్టిన పేరు అది. ఆరేళ్లు. ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరెప్పుడు నవ్వాలో అన్నీ ఆవిడ ఉత్తర్వులే.

"అయితే నువ్వు వెనక నిలబడు తాతా. ఎవరూ దిగకుండా చూసుకో."

"దిగకుండా చూసుకోవడం కండక్టరు పని కాదే పిల్లా."

"ఈ బస్సులో అదే పని."

వెనక నిలబడ్డాను. ఎవరూ దిగలేదు.

కోడలు ఎప్పటిలాగే గేటు దగ్గర అప్పగించి వెళ్లిపోయింది, మూసే ముందు వచ్చి తీసుకెళ్లింది. లోపలికి రాదు. మావాడు అసలే రాడు. వాళ్లిద్దరూ విడిపోయి ఏడాది దాటింది. శనివారాలు పిల్లలు తండ్రితో గడపాలని అప్పుడు పెద్దల ముందు ఒప్పుకున్నారు. తండ్రి పేరు మీద తాత హాజరు వేయించుకుంటున్నాడు. నాకు తెలియని సంగతిలా ఇదంతా ఎందుకు రాస్తున్నానో. చేతి రాత పాడైపోకుండా ఉంటుందని అనుకుందాం.

ఇవాళ నీళ్ల తొట్టి దగ్గర గవర్నరు అడిగింది.

"నాన్న ఏం చెప్పమన్నాడు?"

మావాడు ఏమీ చెప్పమనలేదు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు వేసిన బొమ్మ గోడకి అంటించుకున్నాడు. పనికి వెళ్లేముందు రోజూ చూస్తాడు" అన్నాను.

"ఏ బొమ్మ?"

"ఏనుగు."

"నేను ఏనుగు వెయ్యలేదే."

"ఏమో, వాడికి ఏనుగులా కనపడింది."

"అది అమ్మ" అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

మావాడికి పిల్లల కబుర్లన్నీ చెప్పాను. ఇటునుంచి అటు వెళ్లేవి నా సొంత తయారీ గాని, అటునుంచి ఇటు వచ్చేవి అచ్చమైన సరుకే. గవర్నరుకి కింది పన్ను ఊడిందనీ, చిన్నోడు "లిఫ్టు" అనడం నేర్చుకున్నాడనీ చెప్పాను. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్లో జనాన్నంతా పైకి పంపేది వాడే అని నా పాత జోకు. ఇదివరకు ఈ జోకుకి విసుక్కునేవాడు. ఇప్పుడు విసుక్కోవడం కూడా లేదు.

అన్నీ విని "ఊఁ" అన్నాడు.

అమ్మ బొమ్మను ఏనుగు అన్నానని చెబితే మాత్రం పెదవి కొంచెం కదిలింది. నవ్వేనేమో. దీపం మసగ్గా ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

శనివారానికి ఇంకా మధ్యలో చాలా వారాలున్నట్టుంది ఈ వారం.

ఏప్రిల్ 12, శనివారం

ఒక మాట మీద ఒక మాట వచ్చి పడుతుంది, ఏం చేయను.

నా చదువంతా బస్సులో జనం మర్చిపోయిన పుస్తకాల చదువు. డిపోలో అప్పగించేవాణ్ణి. అడగడానికి ఎవరూ రాకపోతే అవి మా ఇంటికొచ్చేవి. అలా నాకు నక్షత్రాల గురించి మొదటి భాగం వరకు తెలుసు. తేనెటీగల పెంపకం తెలుసు. ఒక జమీందారిణి హత్య కేసులో హంతకుడెవరో తప్ప మిగతా అంతా తెలుసు, చివరి పేజీలు ఎవరో చింపేశారు. ముగ్గురు నలుగురు హంతకుల్ని నేనే తయారు చేసుకుని, ఒక్కో ట్రిప్పులో ఒక్కో డ్రైవరుకి ఒక్కో హంతకుణ్ణి చెప్పాను. అందరూ నమ్మారు. మా ఆవిడ ఉన్న రోజుల్లో అనేది, "మీరు నిజం చెప్పినా కథలాగే ఉంటుంది, కథ చెప్తే మాత్రం నిజంలా ఉంటుంది. ఇంట్లో మనిషి ఏం చావాలి?" అని.

విషయానికొస్తాను. ఇవాళ గవర్నరుకి నాన్న వారం ఎలా గడిచిందో కావాల్సి వచ్చింది. చెప్పాను. పద్నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టులో చిక్కుకుపోయాడనీ, చీకట్లో భయం వేయకుండా మీ ఇద్దరి పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటూ కూర్చున్నాడనీ. గవర్నరు కళ్లు పెద్దవి చేసింది.

"ముందు ఎవరి పేరు?"

"నీదే."

"చిన్నోడా, ముందు నా పేరే అన్నాడంట!"

"నాదీ అన్నాడా?" అన్నాడు చిన్నోడు, నాలుక మీద నుంచి.

"రెండోసారి మొదలెట్టినప్పుడు నీదే ముందు" అన్నాను. కథలో న్యాయం ఉండాలి కదా.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. హాలుకి ఈ చివరా ఆ చివరా గోడలకి రెండు పెద్ద ఇనుప పళ్లాలు బిగించారు. ఒకదాని ముందు నిలబడి గుసగుసలాడితే, మధ్యలో ఎంత గోలగా ఉన్నా, అవతలి పళ్లెం దగ్గరున్న వాళ్లకి చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. గవర్నరు నన్ను ఇటు నిలబెట్టి తను అటు పరిగెత్తింది. కేకలు, ఏడుపులు, హారను మోత. వాటి మధ్య నుంచి చల్లగా చిన్న గొంతు.

"తాతా. నాన్న ఎందుకు రాడు?"

ఎదురుగా ఉన్నంతసేపూ ఈ పిల్ల ఎప్పుడూ అడగలేదు. అంత దూరం వెళ్లి, గోడవైపు తిరిగి అడిగింది. ఇటునుంచి దాని వీపు, జడ మాత్రమే కనపడుతున్నాయి. నేను పళ్లెంలో మొహం పెట్టాను.

"వచ్చే శనివారం వస్తాడు."

అది గోడ దగ్గర నుంచి ఇటు తిరిగి ఎగిరిన ఎగురు చూడాల్సింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆ మాట ఎవరన్నారు? పళ్లెం అంది. నేను దగ్గర్లో ఉన్నానంతే.

ఏప్రిల్ 16, బుధవారం

మావాడితో ఎలాగైనా చెప్పాలి. పొద్దున టీ గ్లాసు అందిస్తూ, సూటిగా కాకుండా చుట్టు తిరిగి వచ్చాను.

"పిల్లల మ్యూజియంలో లిఫ్టు ఆగిపోయిందిరా. పాపం చాలా ఇబ్బంది పడుతున్నారు. ఈ శనివారం ఒకసారి వచ్చి చూడరాదూ?"

వాడు టీ ఊదుకుంటూ అన్నాడు, "దానికి లిఫ్టే లేదు నాన్నా. ఒకటే అంతస్తు."

"నీకెలా తెలుసు?"

గ్లాసు కడిగి బోర్లించి పనికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

రేపు వాడంతట వాడే వస్తాడని నా మనసుకి తెలుస్తోంది. తండ్రి మనసు కదా. వస్తాడు.

ఏప్రిల్ 19, శనివారం

రాలేదు.

గవర్నరు కొత్త గౌను వేసుకొచ్చింది. లోపలికి రాగానే చెప్పులు విప్పే బెంచీ మీద, తలుపుకి ఎదురుగా కూర్చుంది. నీళ్ల తొట్టి దగ్గరికి రమ్మన్నాను, రాలేదు. బస్సు దగ్గర డ్రైవరు లేడన్నాను. "వేరేవాళ్లని నడపమను" అంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతోంది. ఎవరి నాన్నలో వస్తున్నారు, పిల్లల్ని భుజాల మీదెక్కించుకుని, బూట్లు చేత్తో పట్టుకుని. ఇది మళ్లీ కూర్చుంటోంది. నాకేమో చిన్నోణ్ణి నోట్లోంచి లాగడానికి అటూ, దీన్ని చూసుకోవడానికి ఇటూ తిరగడం సరిపోయింది.

"ఏదో లిఫ్టు పాడై ఉంటుందమ్మా" అన్నాను.

"మళ్లీ చిక్కుకున్నాడా?"

"అంతే అయ్యుంటుంది."

"అయితే నా పేరు అనుకుంటూ ఉంటాడు" అంది. అని మళ్లీ తలుపు వైపు చూసింది.

దేవుడా, నా నాలుకను ఎవరైనా ఆ గొట్టంలో పెట్టి పీల్చేయకూడదా.

కోడలు వచ్చేసరికి అది అక్కడే ఉంది. తల్లిని చూడగానే మొహం ముడుచుకుంది, "నాన్న రాలేదు. తాత వస్తాడన్నాడు" అంది. కోడలు పిల్లలకి చెప్పులు తొడిగి, మెట్ల మీద గువ్వల్ని లెక్కపెట్టుకోమని పంపి, నా వైపు తిరిగింది. కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. ఎదుటి మనిషి కళ్లలోకి తిన్నగా చూడటం అలవాటు.

"మామయ్యా, వస్తానని ఆయన అన్నాడా?"

"అన్నట్టే ఉంది..."

"అన్నాడా, అన్నట్టా?"

"అనలేదమ్మా."

"మరి బొమ్మ గోడకి అంటించుకున్నాడన్నారు?"

నేను మెట్ల మీది గువ్వల వైపు చూశాను.

"చీకట్లో పేర్లు తలుచుకున్నాడన్నది?"

నా చెప్పుల కోసం వంగాను.

"నేను కూడా నమ్మాను మామయ్యా" అంది. గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది. "పిల్లలు ఇంటికొచ్చి చెప్తుంటే, పోనీలే, మనిషి మారుతున్నాడు అనుకున్నాను. ఫోన్ చేద్దామా అని కూడా అనుకున్నాను. మీరు బాగా చెప్తారు. అదే తంటా. పిల్ల గంటల తరబడి తలుపు దగ్గర కూర్చుంటే, అది కథ కాదు మామయ్యా, అది నా కూతురు."

మెట్ల కింద నుంచి చిన్నోడు, "అమ్మా, గువ్వలు ఎగిరిపోయాయి, ఇప్పుడు ఎన్ని?" అని అరిచాడు.

ఏప్రిల్ 26, శనివారం

పిల్లల్ని తీసుకురాలేదు. నేను గేటు దగ్గర ఉన్నాను. ఊరికే, నడక మంచిదని డాక్టరు చెప్పాడు కదా.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇక లాభం లేదని మావాడికి అంతా చెప్పేశాను. బొమ్మ, చీకటి లిఫ్టు, పేర్లు, పళ్లెం, బెంచీ. చెప్తున్నంతసేపూ వాడు స్పానరు ఒకటి తీసుకుని అదే పనిగా తుడిచాడు. చివరికి దాన్ని బల్ల మీద విసిరి లేచాడు.

"నా నోట్లో నీ మాటలెందుకు పెడుతున్నావు నాన్నా?"

"నీ నోరు ఖాళీగా ఉంది కాబట్టి."

"ఖాళీగానే ఉండనీ! నేనేమైనా అడిగానా నిన్ను?"

"నువ్వు అడగవు. ఆ పిల్ల అడుగుతుంది. ఉత్త చేతుల్తో ఎలా వెళ్లమంటావురా? ఏం చెప్పమంటావు? మీ నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ గోడకి మీకన్నా అదృష్టం ఉంది, అని చెప్పనా?"

ఎదురింటి వాళ్ల కుక్కర్ కూత వేసింది. ఇద్దరం అటు చూశాం, అదేదో మా మాటే అన్నట్టు.

అప్పుడు చెప్పాడు. ఒకసారి వెళ్లాడట. మొదట్లోనే. రోడ్డుకి అవతల నిలబడ్డాడట. నేను పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లడం, చిన్నోడు నా చొక్కా పట్టుకుని వేలాడటం చూశాడట. లోపల ఉన్నంతసేపూ బయటే ఉన్నాడట. కోడలు వచ్చి తీసుకెళ్తుంటే గవర్నరు వెనక్కి తిరిగి తిరిగి చేయి ఊపిందట, నాకు.

"నేను లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రావాలి నాన్నా. గేటు దగ్గర చిన్నోడు నా కాలు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి? నీకు చేతనవుతుంది. నాకు చేతకాదు."

నాకు చేతనవుతుందట. శనివారం సాయంత్రాలు నేను ఇంటికి ఏ దారిన వస్తానో, ఎన్ని వీధులు చుట్టుకుని వస్తానో వీడికేం తెలుసు? చెబుదామనుకున్నాను. అదీ కథలాగే ఉంటుందని ఊరుకున్నాను.

మే 1, గురువారం

కోడలు ఫోన్ చేసింది. వాళ్ల దుకాణం వాళ్లు వేరే ఊళ్లో కొత్తది తెరుస్తున్నారట, దానికి తనని మేనేజరుగా వేశారట. బుధవారం సామాను వెళ్తుంది. రైలులో వెళ్లే ఊరు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాం. దిగుతాం అని రాశాను చూడు.

"ఈ శనివారం తీసుకొస్తాను. పిల్ల ఏడుస్తోంది మీ కోసం."

"అలాగేనమ్మా."

"కథలొద్దు మామయ్యా."

"ఒక్కటీ చెప్పను."

మావాడు పక్కనే ఉన్నాడు. ఫోను పెట్టేశాక ఏం కథ అని అడగలేదు, ఏ ఊరు అని మాత్రం అడిగాడు. చెప్పాను. లేచి వెళ్లి కుళాయి విప్పి మొహం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

శనివారం రమ్మని నేను అడగలేదు. ఒకసారి వాడి బదులు మాట ఇచ్చిన మనిషికి మళ్లీ నోరు తెరిచే హక్కు లేదని కాదు. భయం.

మే 3, శనివారం

ఇవాళ్టి సంగతి వరసగా రాయాలి. అలంకారాలు లేకుండా.

లోపలికి వెళ్లేటప్పుడు ముగ్గురికీ మణికట్టుకి ఆకుపచ్చ కాగితం పట్టీలు వేశారు. గవర్నరు బెంచీ వైపు చూడలేదు. తిన్నగా వెళ్లి బుడగల దగ్గర నిలబడింది. అక్కడ నేల మీద సబ్బునీళ్ల పళ్లెం మధ్యలో మనిషి నిలబడి తాడు లాగితే, చుట్టూ సబ్బు పొర గొట్టంలా పైకి లేస్తుంది. గవర్నరు చిన్నోణ్ణి మధ్యలో నిలబెట్టి తాడు లాగుతోంది. నా జీవితంలో ఇంతసేపు పిల్లల దగ్గర నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.

"తాతా, నాన్న ఏం చెప్పమన్నాడు?" అంది, తాడు వదలకుండా.

"ఏమీ చెప్పమనలేదమ్మా."

నమ్మలేనట్టు చూసింది. సబ్బు పొర చిట్లింది.

"ఏమీ?"

"ఏమీ."

అప్పుడే గేటు దగ్గర పట్టీలు వేసే పసుపు చొక్కా ఆవిడ కేక వేసింది. మెడలో విజిలు వేసుకుని, వచ్చే జనాన్నీ పోయే జనాన్నీ ఒక్క చూపులో లెక్కగట్టే మనిషి. మా డిపోలో ఉండాల్సింది.

"తాతగారూ! ఇక్కడొకాయన, వాళ్ల పిల్లలు లోపలున్నారంటున్నారు. మీవాళ్లేనా చూడండి."

పని బట్టల్లోనే వచ్చాడు మావాడు. మోచేతుల దాకా గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. గడ్డం గీసుకుని ఉన్నాడు. చెవి కింద తెగింది కూడా.

"మా అబ్బాయేనమ్మా. పిల్లల తండ్రి. పట్టీ వేసి పంపించు."

"కుదరదు తాతగారూ. శనివారం రద్దీ. ఇద్దరు పిల్లలకి ఒక్క పెద్ద. మీ ఇద్దరు పిల్లలకి ఆ ఒక్కరూ మీరే."

ఇన్నాళ్లూ వస్తున్నా ఈ నిబంధన నాకు తెలియదు. నేనెప్పుడూ ఒక్కణ్ణే కదా. బతిమాలితే వింటుందేమో అని నోరు తెరవబోయి మళ్లీ మూశాను. ఒక్కణ్ణి ఎక్కువ ఎక్కించుకోమని ఫుట్‌బోర్డు మీద నన్ను బతిమాలినవాళ్లు ఎందరో. వాళ్లందరికీ నేను చెప్పిన జవాబే ఈవిడా చెప్తుంది. నాకు ఆ జవాబు కంఠతా వచ్చు.

మావాడు అప్పుడే వెనక్కి అడుగు వేశాడు. "పోనీలే నాన్నా. నువ్వుండు. నేను ఇక్కణ్ణుంచే..."

ఆ ఒక్క క్షణం, రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను, పోతే పోనీ అనిపించింది. ఇది నాకు ఆఖరి శనివారం. వాడికి ఇన్ని శనివారాలు వచ్చాయి, గోడకి ఇచ్చాడు. నేను ఒక్కటి ఉంచుకుంటే ఏం?

"నేను బయటికొస్తే వీణ్ణి పంపుతావా?" అన్నాను.

"పంపుతాను. కానీ పట్టీ చింపితే మళ్లీ వెయ్యను. ముందే చెప్తున్నాను."

మిగిలిన పళ్లతో కొరికి చింపేశాను. కాగితం గట్టిదే పెట్టారు వెధవలు.

"ఆగండాగండి" అంది ఆవిడ. "పిల్ల చెప్పాలి కదా." గవర్నరు వైపు వంగింది. "పాపా, ఈయన ఎవరమ్మా?"

గవర్నరు నా వెనకే వచ్చి నిలబడి ఉంది. చేతుల నుంచి సబ్బునీళ్లు కారుతున్నాయి. తండ్రిని పైనుంచి కింద దాకా చూసింది. వాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. నాలుక చివర దాకా నాకే వచ్చింది వాడి తరఫున, ఒక మంచి వాక్యం. మింగేశాను.

"మా నాన్న" అంది చివరికి, ఆవిడతో. వాడితో కాదు. "కానీ ఈయనకి లోపల ఏదీ ఆడటం రాదు. నేనే చూపించాలి."

తర్వాత వాడితో, "బూట్లు విప్పు. లోపల బూట్లు వేసుకోకూడదు" అంది.

విప్పాడు. లేసు ముడి పడిపోయింది. చిన్నోడు వచ్చి ఆ ముడి దగ్గర కూర్చుని తనూ లాగాడు. గవర్నరు చేయి ఇవ్వలేదు. చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుని, గ్రీజు అంటకుండా, లాక్కెళ్లింది.

"తాతా, నువ్వు?" అన్నాడు చిన్నోడు.

"నాకు బయట పనుందిరా."

"ఏం పని?"

"కూర్చోవాలి."

బయట ఒక బల్ల ఉంది. దాని వెనక గోడంతా అద్దం, లోపల హాలు కనపడుతుంది. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. చిన్నోడు మావాడి భుజాల మీదెక్కాడు. గవర్నరు తండ్రిని బుడగల పళ్లెం మధ్యలో నిలబెట్టి, తాడు లాగింది. సబ్బు పొర వాడి మోకాళ్ల దాకా లేచి చిట్లింది. మళ్లీ లాగింది. ఈసారి నడుం దాకా. మావాడు చిన్నోణ్ణి దించి, కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు.

అద్దం మందంగా ఉంది, శబ్దం రాదు. కానీ ఇంజను మోతలో, వెనక సీటు నుంచి జనం ఏ ఊరు అడుగుతున్నారో పెదవులు చూసి టికెట్టు కొట్టినవాణ్ణి నేను. ఇంకొంచెం సేపు చూస్తే మాట మాటా నా చేతికొచ్చేస్తుంది. మొదటి మాట అప్పుడే వచ్చింది కూడా. అది గవర్నరు అసలు పేరు.

అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

రోడ్డు మీద వచ్చే పోయే బండ్లు. ఐస్‌క్రీం బండివాడు నన్ను చూసి, ఎవరి కోసం అని అడిగాడు. ఎవరి కోసమూ కాదన్నాను. చల్లదనానికన్నాను. ఎండలో ఉంది ఆ బల్ల.

కోడలు వచ్చి నన్ను చూసి గాభరా పడింది.

"మామయ్యా, మీరిక్కడున్నారేంటి? పిల్లలేరీ?"

"వాళ్ల నాన్నతో ఉన్నారమ్మా."

"మామయ్యా..." అంది, ఇంకా మానలేదా అన్నట్టు.

నేను తిరగకుండానే బొటనవేలితో వెనక అద్దం చూపించాను. తను అద్దం దగ్గరికి వెళ్లింది. సంచి చేతిలోంచి జారి కింద పడితే తీసుకోలేదు. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏమంటున్నాడు మామయ్యా?"

"నాకు తెలియదమ్మా" అన్నాను.

మే 4, ఆదివారం

వాడు చెప్పలేదు. నేను అడగలేదు. కానీ వాడు గోడవైపు తిరిగి పడుకోలేదు.

మే 7, బుధవారం

వెళ్లిపోయారు. స్టేషనుకి వాడొక్కడే వెళ్లాడు. చిన్నోడు కాలు పట్టుకున్నాడట. ఎలా విడిపించుకున్నావురా అంటే, విడిపించుకోలేదు, రైలు కదిలే దాకా అలాగే ఉన్నాను అన్నాడు. ఈ ఒక్క ముక్క తనంతట తను చెప్పాడు.

మే 9, శుక్రవారం

రేపు పొద్దున రైలుకి వెళ్తాడట. నన్నూ రమ్మన్నాడు. ఈసారికి నువ్వొక్కడివే వెళ్లరా అన్నాను. ఎందుకలా అన్నానో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు సంచి సర్దుతున్నాడు. పిల్లలకి ఏం చెప్పమంటావు నాన్నా అని అడిగాడు. ఎన్ని కథలు అల్లినవాణ్ణి, ఒక్క మాట దొరకలేదు.

మే 10, శనివారం

మోకాళ్లు ఇవాళ బాగానే ఉన్నాయి. ఎటైనా నడవచ్చు, ఎటూ బుద్ధి పుట్టలేదు. పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఇంట్లో కూర్చోవడానికే. వాడు రాత్రి బండికి తిరిగొస్తాడు. అక్కడ ఏం జరిగిందో చెప్తాడేమో, చెప్పడేమో. తొందరేం లేదు. కుర్చీ గుమ్మంలోకి లాక్కున్నాను.